కుంకుడు నురుగు

"గ్లాసు పట్టుకున్నోని ఫోటో ఈ గోడకు ఎక్కది. నా పానం ఉన్నంత కాలం ఎక్కది."

"మరి ఏ ఫోటో ఎక్కాలె, అక్కా? ఇంకోటి ఉంటే తీసియ్యి, అదే పెడ్త."

"లేకుంటే లేదు. మేకుకే ఏద్దం దండ. ఇన్నేండ్ల సంది ఏస్తలేమా?"

"నేను మేకును చేసుకున్ననా? మేకుతోని కాపురం జేసిన్నా?"

పెత్రమాసకు ముందు రోజు పొద్దున్నే, ఉప్పుగూడలో మా ఇంటి ముందు గదిలో, ఇంకా చాయ నోట్లో పడకముందే మొదలైన లొల్లి ఇది. గోడ ముందు నిలబడి నన్ను నిలదీస్తున్నది మా తోటికోడలు. మేమిద్దరం అన్నదమ్ములను చేసుకున్నవాళ్లం. ఇద్దరి మగవాళ్లూ పోయారు. ఒకే వాకిలి, ఒకే నల్లా, పొయ్యిలు మాత్రం రెండు. ఇన్నేళ్లలో ఆమె నాకు ఎదురు మాట్లాడింది చాలా తక్కువ. ఆ పొద్దు మాత్రం చేతులు నడుముకు పెట్టుకొని నిలబడింది.

గోడకు మూడు మేకులు ఉన్నాయి. ఒకదానికి మా అత్త ఫోటో, ఒకదానికి మా ఆయన ఫోటో. మా మామ ఎన్నడూ ఫోటో దిగలేదు, ఆయన పేర పెట్టేది కూడా అత్త ముందరే పెడతాం. మూడోది ఉత్త మేకు. అది మా మరిదిది. ఆయన ఫోటో కిటికీ కింద గూట్లో ఉండేది. వరద వచ్చిన ఏడు నీళ్లు ఆ గూటి దాకా వచ్చాయి. పెళ్లి ఫోటోలున్న ట్రంకుపెట్టె కూడా మునిగింది. నీళ్లు పోయాక ఫ్రేము తెరిస్తే లోపల అట్ట పేడముద్దలా చేతికొచ్చింది. ఓటు కార్డు ఒకటి మిగిలింది కానీ అందులో ఉన్నది మనిషి మొహమో మసిగుడ్డో చెప్పడం కష్టం. అప్పటినుంచి ప్రతి పెత్రమాసకు ఆయన పేర కొట్టిన మేకుకే దండ వేస్తున్నాం. చాంద్రాయణగుట్టలో ఇచ్చిన ఆయన బిడ్డ వచ్చి, ఆ మేకుకే దండం పెట్టి పోతుంది.

పెత్రమాస అంటే పెద్దల అమావాస్య. ఆ పూట పోయినవాళ్ల పేర పంతులుకు బియ్యం, కూరగాయలు ఇస్తాం. ఫోటోలు తుడిచి దండలు వేసి, బతికున్నప్పుడు వాళ్లకు ఏది ఇష్టమో అది ముందు పెడతాం. మాంసం తిన్నవాళ్లకు మాంసం, బీడీ తాగినవాళ్లకు బీడీ. మా గల్లీలో చాలా ఇళ్లల్లో కల్లో సీసానో కూడా పెడతారు. మా ఇంట్లో పెట్టరు. అది మా అత్త చేసిన కట్టడి.

మా మామ కల్లు కంపౌండు నుంచి తన కాళ్ల మీద తాను నడిచి వచ్చిన రోజులు తక్కువ. ఎవరో ఇద్దరు మోసుకొచ్చి అరుగు మీద పడేసేవారు. మా అత్త మాట్లాడకుండా బిందెడు నీళ్లు తెచ్చి ఆయన మీద గుమ్మరించి లోపలికి పోయేది. ఆయన పోయాక మొదటి పెత్రమాసకు దాయాదులు కల్లు సీసా తెస్తే దాన్ని వాళ్ల ముందే మోరీలో వంచింది. బతికున్నప్పుడు తాగింది చాలు, ఇప్పుడన్నా నా చేతి చాయ తాగుతడు అన్నది. ఆ నాటి నుంచి మా ఇంట్లో పోయినవాళ్లందరికీ చాయే. ఆ అత్త పక్కన, ఆమె కళ్ల ముందర, నురుగు గ్లాసు చేత పట్టుకొని నవ్వే ఫోటో పెడతానంటే నేనెట్లా ఊరుకుంటాను?

అసలు ఆ ఫోటో ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి.

మా మరిది కాజాలు కుట్టేవాడు. అంగీకి గుండీ దూరే రంధ్రం చుట్టూ దారం పోసి అంచు కట్టే పని. శాలిబండ వైపు ఒక టైలరు దుకాణంలో గోడవారన కూర్చొని, పొద్దంతా తల వంచుకొని అదే పని చేసేవాడు. ఆ ఏడు మొహర్రం వచ్చి సాయబుల పెళ్లిళ్లు ఆగిపోయాయి. అది పోగానే అధిక ఆషాఢం, దాని వెంట ఆషాఢం వచ్చి మనవాళ్ల పెళ్లిళ్లు ఆగిపోయాయి. దుకాణంలో కత్తెర చప్పుడు లేదు. అప్పుడే కొత్తగా ప్రైవేటు టీవీలు వచ్చాయి. పాటల ప్రోగ్రాముల్లో కూర్చోవడానికి వాళ్లకు జనం కావాలి. జనాన్ని పోగుచేసే మేస్త్రీ ఒకడు ఫలక్‌నుమా దగ్గర వ్యాను ఆపి, ఖాళీగా ఉన్న టైలర్లను, గాజులవాళ్లను, అడ్డా మీది కూలీలను ఎక్కించుకుపోయేవాడు. మా మరిది కూడా ఎక్కాడు.

ఆ ప్రోగ్రాంకు వాళ్లు పెట్టిన పేరు వేరే. నేను తాగుబోతుల పాటలు అంటాను. స్టూడియోలో అట్టలతో ఒక బారు కట్టారు. అందులో కౌంటరు, దాని వెనక రంగునీళ్ల సీసాలు, ఎర్రగా వెలిగే కరెంటు బుగ్గలు, గుండ్రటి బల్లలు. మెరుపుల కోటు వేసుకున్న ఒకడు బారు ఓనరులా నిలబడి మాట్లాడతాడు. పాటలు పాడేవాళ్లు గిరాకీల్లా లోపలికి వస్తారు. ఒకడు లారీ డ్రైవరు వేషం, ఒకడు మున్షీ వేషం. వచ్చి గ్లాసు ఎత్తి పాట అందుకుంటారు. పాటకూ పాటకూ నడుమ ఒకడు కుక్కలాగా, రైలులాగా గొంతు మారుస్తాడు, ఒక ఆడపిల్ల బల్లల మధ్య గంతులేస్తుంది. ఓనరు 'ఇంకో రౌండు' అనగానే చుట్టూ కూర్చున్నవాళ్లంతా గ్లాసులు పైకెత్తి కేక పెట్టాలి. మా మరిది పని అదే.

గ్లాసుల్లో ఉండేది పాలు పోయని చల్లటి చాయ. ఆ సంగతి ఆయనే వచ్చి నవ్వుతూ చెప్పాడు. పైన నురుగు కావాలి కదా, అసలు బీరు నురుగు ఆ లైట్ల వేడికి నిలవదట. అందుకని ఒకడు కుంకుడుకాయలు నానబెట్టి పిసికి, ఆ నురుగు చెంచాతో ప్రతి గ్లాసు మీద పెట్టేవాడట. కెమెరా తిరుగుతున్నంతసేపు గ్లాసు కింద పెట్టొద్దు, నడుమ నడుమ పెదవికి తగిలించాలి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా మరిది పెదవులు మండి ఎర్రబడేవి. మా తోటికోడలు నెయ్యి రాసేది. ఆయన అన్నం పొట్లంలో ఇచ్చిన మిఠాయి తినకుండా కాగితంలో చుట్టి ఆమెకు తెచ్చేవాడు. కుంకుడుకాయలు తలంటుకోవడానికి దాచుకునే వస్తువు. వాటిని తాగుబోతు వేషానికి పాడుచేశారని నేను అప్పుడే తిట్టాను.

అప్పట్లో మా ఇంట్లో టీవీ లేదు. ఎదురింట్లో వస్తుంటే మా తోటికోడలు పోయి చూసొచ్చేది. శ్రావణం రాగానే మరిది మళ్లీ దుకాణానికి పోయాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు, కాజా కుడుతూ కుడుతూనే గుండె ఆగి పోయాడు. ప్రోగ్రాం సంగతి అందరం మరిచాం.

ఈ మధ్య ఎవరో ఆ పాత ప్రోగ్రాములన్నీ ఫోన్‌లోకి ఎక్కించారు. వినాయకుణ్ణి నీళ్లలో వేసిన తర్వాత ఒక మధ్యాహ్నం, డిగ్రీ చదివే మా మనవరాలు ఫోన్‌ను టీవీకి కలిపి నవ్వుకుంటూ దాన్ని చూస్తున్నది. మా తోటికోడలు కింద కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరుతున్నది. ఏరుతూ ఏరుతూ ఒకసారి తల ఎత్తింది. చాట ఒడిలోంచి జారి బియ్యం నేల మీద ఒలికిపోయాయి. అగో, మీ చిన్నతాత అన్నది, పక్కవాళ్లకు కూడా వినీ వినపడనంత మెల్లగా. బియ్యం ఎత్తుకోవాలన్న ధ్యాస కూడా లేదు ఆమెకు. నేనే ఎత్తాను.

అప్పటినుంచి మధ్యాహ్నం మధ్యాహ్నం మా ఇంట్లో బారు తెరుస్తున్నారు. ఆమె ముందుకు జరిగి కూర్చుంటుంది. ఎప్పుడో ఒకసారి కెమెరా ఆ మూల బల్ల మీదికి పోతుంది. కన్ను మూసి తెరిచేంతసేపు ఆయన కనిపిస్తాడు. దానికోసం మిగతా రోతంతా భరించాలి. నా వల్ల కాదు. నేను ఎండలో అరుగు మీద కూర్చునేదాన్ని. అక్కడికీ ఆ కేకలు వినపడేవి. కరెంటు ఊరికే వస్తున్నదా అని రెండు మాటలు అన్నాను కూడా. ఆమె ఫ్యాను బందు పెట్టి, చెమటలు కక్కుతూ చూసింది గానీ టీవీ బందు పెట్టలేదు.

అందులోంచే మనవరాలు ఒక చోట ఆపి ఫోటో తీసింది. మరిది మొహం నిండుగా, కెమెరా వైపు తిరిగి, పళ్లన్నీ కనపడేటట్టు నవ్వుతున్నాడు. ముందుకు ఎత్తిన కుడిచేతిలో గ్లాసు, గ్లాసు మీద నురుగు. గ్లాసు గడ్డానికి అంత దగ్గర, దాన్ని కోస్తే మొహమూ తెగుతుంది. ఆయన అట్లా నవ్వగా నేను చూసింది తక్కువ. ఫోటో మంచిగనే ఉంది, కాదనను. గ్లాసే రోత.

చాయ నీళ్లని మనకు తెలుసు. గోడ చూసేవాళ్లకు తెలుస్తుందా? బియ్యం తీసుకోవడానికొచ్చిన పంతులు ఏమనుకుంటాడు? తండ్రి అట్లా, కొడుకు ఇట్లా అని గల్లీ అంతా అనుకోదా? చుక్క ముట్టని మనిషిని, చచ్చాక తాగుబోతును చేసి గోడకు తగిలించాలా? ఇదంతా ఆ పొద్దున ఆమెతో అన్నాను. ఆమె ఒక్కటే అన్నది. రేపు బిడ్డ వస్తుంది, ఈసారి తండ్రి మొహానికి దండం పెడుదువని దానికి చెప్పిన, మేకును చూపియ్య అన్నది.

మా ఇద్దరి నడుమ నలుగుతున్న మనవరాలు చివరికి ఉపాయం చెప్పింది. జహనుమాలో ఫోటో స్టూడియో ఉంది, కంప్యూటరులో గ్లాసు తీసేస్తారు, మొహం మొహంలాగే ఉంటుంది అన్నది. దానికి ఇద్దరం ఒప్పుకున్నాం. వరదలో మిగిలిన పాత ఫ్రేమును ముగ్గుపిండితో తోమి, చీరముక్కలో చుట్టి చంకన పెట్టుకున్నాను. ఉన్న ఫ్రేము ఉండగా కొత్తది కొనే పని లేదు. ముగ్గురం ఆటో ఎక్కాం.

స్టూడియో భాయ్ పెళ్లి ఆల్బములు చేసే మనిషి. గోడల నిండా పెళ్లికొడుకులే, పూల ముసుగులు వేసుకొని గులాబీలు పట్టుకున్నవాళ్లు. మా మాట విని, "ఫికర్ నక్కో అమ్మా, గిలాస్ గాయబ్ చేస్త," అన్నాడు. చేశాడు కూడా. చూస్తుండగానే గ్లాసు మాయమైంది. కానీ వేళ్లు వంగినట్టే ఉండిపోయాయి. ఖాళీ చెయ్యి ముందుకు చాచి, పళ్లికిలించి, ఏమన్నా ఇప్పించండి అన్నట్టు నిలబడ్డాడు మా మరిది. ఎంత పని లేకున్నా ఎవరి ముందరా చెయ్యి చాచని మనిషి ఆయన. ఇది వద్దన్నాను.

ఆ భాయ్ కొద్దిసేపు గడ్డం గోక్కొని, తన దగ్గరున్న బొమ్మల్లోంచి ఒక ఎర్ర గులాబీ తెచ్చి ఆ వేళ్ల నడుమ పెట్టాడు. తన పెళ్లికొడుకులకు అందరికీ పెట్టేదే. మా తోటికోడలు తెర దగ్గరికి వంగి చూసింది.

"నిఖా ఎవ్వరితోని, భాయ్? మాకు దావత్ చెప్పకపోతిరి."

ఆయన నవ్వాడు. మనవరాలు నవ్వింది. అంత కోపంలోనూ నాకు కూడా నవ్వొచ్చింది, మొహం తిప్పుకున్నాను. పువ్వు తీసేసి, మళ్లీ గ్లాసే పెట్టి, ఈసారి రంగు మారుస్తానన్నాడు. పాల గ్లాసు చేస్తే ఎవరూ ఏమీ అనరు కదా అన్నాడు. మంచిదే అనిపించింది. ఎర్రటి చాయ నీళ్లు తెల్లగయ్యాయి. పైన నురుగు అట్లనే ఉంది. తెల్లటి గ్లాసు, పైన నురుగు, వెనక బల్లలు, పక్కన ఇంకా గ్లాసులు పట్టుకున్న చేతులు. ముగ్గురం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. పాలెక్కడివి? అది అచ్చం కల్లు. మా మామ కంపౌండులో కూర్చున్నట్టే ఉంది. బీరును వద్దని వచ్చి కల్లును చేయించుకున్నాం.

చేతిలో గ్లాసు లేని ఫోటో వేరేది తెమ్మన్నాడు ఆ భాయ్. ఎన్ని ప్రోగ్రాములున్నాయో అన్నీ చూడండి, ఎక్కడో ఒక చోట కింద పెట్టి ఉంటాడు అన్నాడు. ఫ్రేము అక్కడే పెట్టి వచ్చాం.

ఆ మధ్యాహ్నం నేను మొదటిసారి కుదురుగా కూర్చొని ఆ ప్రోగ్రాం చూశాను. వేరే దారి లేదు. మనవరాలి కళ్లు పాటల మీదికి పోతాయి. తోటికోడలు ఆయన కనపడగానే కళ్లు తుడుచుకుంటుంది, ఇంక ఆమెకేం కనపడుతుంది? గ్లాసు ఎప్పుడు దిగుతుందో కాపలా కాయడానికి నేనే పనికొస్తాను. గోడకు ఆనుకొని, కళ్లద్దాలు తుడిచి పెట్టుకొని, ఒకదాని తర్వాత ఒకటి చూశాను.

ఎంత అసహ్యం వేసిందో రాయాలంటే నా మూడో తరగతి చదువు చాలదు. తాగినవాణ్ణి నేను దగ్గరినుంచి చూశాను. మా మామ వాంతి ఎత్తిపోసిన చేతులివి. నిజంగా తాగినవాడు పొద్దున లేచి మొహం దాచుకుంటాడు, పెళ్లాం కళ్లలోకి చూడడు. వీళ్లు తాగకుండానే తూలుతారు, తూలి బల్ల మీద పడి లేచి పాట పాడతారు. పడ్డవాడికి దెబ్బ తగలదు, పగిలిన సీసాను ఎవరూ ఊడ్వరు. ఆ బారులో ఎవరూ ఇంటికి పోతానని అనరు. ఒక పాటలో ఒక ఆడమనిషి మొగుణ్ణి వెతుక్కుంటూ కొంగు నోట్లో కుక్కుకొని వస్తుంది. అయ్యో అనుకొని చూస్తే, నడుమకొచ్చేసరికి ఆమె చేతిలో కూడా గ్లాసు పెట్టారు. ఆమె కూడా నడుము తిప్పింది. చుట్టూ చప్పట్లు. టీవీలో వాసన రాదు, అదొక్కటే వాళ్ల అదృష్టం. వాసన వస్తే ఒక్క మనిషి కూడా ఆ ప్రోగ్రాం చూడడు.

మరిది అన్నిట్లోనూ అదే మూల బల్ల దగ్గర ఉన్నాడు. అన్నిట్లోనూ గ్లాసు చేతిలోనే ఉంది. వాళ్లు ఎట్లా చెప్పారో అట్లా. మిగతావాళ్లు తూలుతుంటే ఆయనకు తూలడం కూడా సరిగా రాదు, పెద్దమ్మవారి ముందు పూనకం వచ్చిన శివసత్తు ఊగినట్టు ఊగుతాడు. ఓనరు 'ఇంకో రౌండు' అంటే అందరికంటే ఆలస్యంగా ఎత్తుతాడు. పెదవికి తగిలించినప్పుడు మొహం చిట్లిస్తాడు. కుంకుడు చేదు అది. మా తోటికోడలు ప్రతిసారీ తన పెదవి కూడా నొక్కుకుంటున్నది.

నేను లేద్దామనుకుంటుండగా, మున్షీ వేషంవాడు పాడే పాటలో, కెమెరా బల్లల మీదుగా మెల్లగా పోతున్నది. అందరూ చెప్పినట్టు ఊగుతున్నారు. మూల బల్ల దగ్గరికొచ్చేసరికి ఒక గ్లాసు బల్ల మీద ఉంది. ఆగు అన్నాను. మనవరాలు ఆపింది.

మా మరిది ఊగడం లేదు. పక్కన కూర్చున్నవాడి అంగీ ముందుభాగం ఎడమచేత్తో గుంజి పట్టుకున్నాడు. వాళ్లే ఇచ్చిన సిల్కు అంగీ అది. తల వంచి, కుడి బొటనవేలితో అంగీ కాజాను రుద్ది చూస్తున్నాడు. పక్కవాడు కదిలితే ఏమంటారో అని బిగుసుకొని, కెమెరా వైపే చూస్తున్నాడు. చుట్టూ పాట, లైట్లు, గంతులు. ఆయనకు ఏదీ పట్టలేదు. మా ఇంటికి వచ్చిన చుట్టాల అంగీలు కూడా ఆయన అట్లాగే పట్టుకొని చూసేవాడు. మా ఆయన ఎన్నిసార్లు కోప్పడ్డాడో.

గ్లాసు లేని ఫోటో దొరికింది. కానీ అందులో మొహం లేదు. వంచిన తల, నడినెత్తి, చెవి మాత్రం ఉన్నాయి.

ఇది చేయిద్దాం అన్నాను నేను. నడినెత్తికి దండం పెడుతదా బిడ్డ అన్నది తోటికోడలు. మళ్లీ మొదలయ్యేటట్టు ఉంది. ఇంతలో మనవరాలు వేలు తగిలించిందో ఏమో, ఆగిన బొమ్మ కదిలింది. ఎవరో లోపలినుంచి కసిరి ఉంటారు, మా మరిది ఉలిక్కిపడ్డాడు. అంగీ వదిలేశాడు. చటుక్కున గ్లాసు అందుకొని పైకెత్తి, పట్టుబడ్డ మొహంతో కెమెరా వైపు తిరిగి పళ్లన్నీ కనపడేటట్టు నవ్వాడు.

అది ఆ ఫోటోనే. పొద్దుటినుంచి మేము కొట్లాడుకుంటున్న నవ్వు అదే.

"ఇంకోసారి తిప్పు," అన్నాను మనవరాలితో. తిప్పింది. ఇంకోసారి అన్నాను. కాజా చూడడం, కసురు పడడం, గ్లాసు ఎత్తడం, నవ్వడం, ఆ వరసే మళ్లీ చూశాం. మా తోటికోడలు ఈసారి ఏడవలేదు. టీవీ వైపు చూస్తూనే అన్నది.

"తాగినందుకు కాదక్కా ఆ నవ్వు. పనిల పడి దొరికిపోయిండు, గందుకు."

ప్రోగ్రాం చివరిదాకా పోనియ్యమన్నాను. చివర పేర్లు కింది నుంచి పైకి ఎక్కిపోతుంటే ఆపి చదవమన్నాను. పాడినవాళ్లవి, కెమెరావాళ్లవి, లైట్లవాళ్లవి, పూలదండలవాళ్లవి కూడా ఉన్నాయి. గ్లాసులు పట్టుకొని పెదవులు కాల్చుకున్నవాళ్ల పేరు ఒక్కటి లేదు. ఆ మెరుపుల కోటువాడు మాత్రం అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉన్నాడు. ఛీ అనిపించింది. టీవీ బందు పెట్టించాను.

"పొద్దున చూపించిన ఫోటోనే ఫ్రేములో పెట్టమను ఆ భాయ్‌ని. గ్లాసు తియ్యొద్దు. రంగు మార్చొద్దు. వెనకున్న ఆ సీసాలు మాత్రం కోసెయ్యమను," అన్నాను.

తోటికోడలు తల ఊపింది.

"అత్త ఏమంటదో మరి," అన్నది, కొంటెగానే.

"అత్తకు నేను చెప్పుకుంట. అండ్ల ఉన్నది చాయనే."

సాయంత్రం మనవరాలు మరునాటి బతుకమ్మకు తంగేడు పువ్వు కొనుక్కొస్తూ ఫ్రేము కూడా తెచ్చింది. సీసాలు కోసేశాడు కానీ ఒక మూలకు ఎర్ర బుగ్గ సగం మిగిలిపోయింది. పోనీ అన్నాను. ఆ ప్రోగ్రాం మీద నా రోత ఇంత కూడా తగ్గలేదు, ఇప్పటికీ మా ఇంట్లో ఎవరన్నా పెడితే నేను లేచి అరుగు మీదికి పోతాను.

మరునాడు పొద్దున నేనే స్టూలు ఎక్కి ఫోటోను మూడో మేకుకు తగిలించాను. చాంద్రాయణగుట్ట నుంచి బిడ్డ వచ్చింది. తండ్రి ఫోటోను చాలాసేపు చూసి, నాయినకు గీ పళ్లు వంకర ఉండెనా అని తల్లిని అడిగి, దండం పెట్టింది. పంతులు వచ్చాడు. గుమ్మడికాయ, గోరుచిక్కుళ్లు, చామగడ్డ, బియ్యం చాటల్లో పెట్టి మామతో కలిపి నలుగురి పేర్లూ చెప్పి ఇచ్చాం. మూట కట్టుకుంటూ ఆయన మరిది ఫోటో వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. అది డ్యూటీల తీసిన ఫోటో, పంతులూ అన్నాను. ఆయన మూట ఎత్తుకొని పక్కింటికి పోయాడు.

మాంసం కూర, గారెలు మూడు విస్తళ్లలో పెట్టి, అత్తకూ మా ఆయనకూ రోజూ తాగే పాల చాయ పెట్టాం. మరిది ముందర మా తోటికోడలు గాజు గ్లాసులో పాలు పోయని చాయ పెట్టింది. కాకులు వచ్చి అన్నం తిని పోయాయి. చాయ అట్లనే మిగిలింది. చక్కెర వేసిన చాయ, పారబోయడానికి చేతులు రాలేదు. మూడు గ్లాసులవీ ఒకే గిన్నెలో పోసి, ఇంకొన్ని పాలు కలిపి మళ్లీ కాచాను. ఇద్దరం అరుగు మీద కూర్చొని తాగాం.